చిక్కావా, ఒళ్ళు చేశావా?

పెళ్ళి పందిట్లో అక్షింతలు పడకముందే మొదలయ్యే తంతు ఒకటుంది. శుభలేఖలో దానికి ముహూర్తం వేయరు. బంధువుల్లో పెద్దావిడ ఎవరో ఒకరు, గుమ్మంలో కనపడ్డ ఆడపిల్లని కాళ్ళ నుంచి తల దాకా ఒక్క చూపు చూసి తీర్పు చెప్పేస్తుంది. "అదేమిటే, అలా చిక్కిపోయావు? అత్తారింట్లో తిండి పెట్టట్లేదా?" అదీ కాకపోతే, "ఏమ్మోయ్, బాగా ఒళ్ళు చేశావే!" ఈ రెండే తీర్పులు. "సరిగ్గా ఉన్నావు" అన్న మాట ఇంతవరకూ ఏ పందిట్లోనూ వినపడలేదు.

అందులో ద్వేషం లేదు, నిజానికి ప్రేమే. కరువు చూసిన తరానికి చిక్కడమంటే భయం. టీవీ చూసిన తరానికి ఒళ్ళు చేయడమంటే భయం. ఈ రెండు భయాలూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే నోట్లో కాపురం చేస్తుంటాయి. "చిక్కిపోయావు, ఇంకో బూరె వేసుకో" అని వడ్డించిన చెయ్యే మరుసటేడు "ఆ నెయ్యి కాస్త తగ్గించు తల్లీ" అంటుంది. మగపిల్లాడికి ఈ తనిఖీ బొత్తిగా ఉండదని కాదు. వాడి దగ్గర ముందు ఉద్యోగం సంగతి అడుగుతారు, ఒంటి సంగతి తర్వాత.

ఈ రెండు తీర్పులూ విన్న ఒక శ్రీకాకుళం అమ్మాయి కథ చాలామందికి సగమే తెలుసు.

ఆముదాలవలస దగ్గర ఊసవానిపేట. రైల్వే రక్షణ దళంలో కానిస్టేబుల్‌గా పనిచేసే తండ్రి, ఇంటినిండా ఐదుగురు ఆడపిల్లలు. అక్క బరువులు ఎత్తడం చూసి పన్నెండేళ్ళ కరణం మల్లీశ్వరికీ ఎత్తాలనిపించింది. వ్యాయామశాలలో మొదట విన్నది మాత్రం పందిట్లో వినపడే మాటే: మరీ పీలగా ఉన్నావు, ఇది నీవల్ల కాదు, ఇంటికెళ్ళి అమ్మకు పనిలో సాయం చెయ్యి. ఆ తర్వాత చాలాసార్లు ఆమే చెప్పుకున్న సంగతిది. ఎత్తి చూడమని ఎవరూ ఇనుము చేతికివ్వలేదు, కంటితోనే తూచి పంపేశారు. ఊరుకోనిది తల్లి. కూతురికి ధైర్యం చెప్పి మళ్ళీ పంపింది. తర్వాత నీలంశెట్టి అప్పన్న శిక్షణలో ఆ పీల పిల్లే రాటుదేలింది. 1994లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్. 1995లో గ్వాంగ్జౌలో మళ్ళీ ఛాంపియన్. రెండుసార్లూ 54 కిలోల విభాగంలో.

ఇక కథలో రెండో తీర్పు. 2000 సంవత్సరానికి ఆమె వయసు ఇరవై ఐదు, పెళ్ళయింది, 54 కిలోల విభాగం దాటి 69 కిలోల విభాగానికి వచ్చింది. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్‌ని ఒలింపిక్స్‌లో చేర్చింది ఆ ఏడే. ఆమె ఎంపిక మీద పెద్ద రగడ జరిగింది. లావైపోయింది, ఆమె పనైపోయింది అని పత్రికల్లోనే రాశారు. చిన్నప్పుడు పీల అన్న దేశమే పెద్దయ్యాక లావు అంది. ఈసారి కూడా కంటితోనే తూచారు.

సెప్టెంబర్ 19న సిడ్నీలో స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తింది. మొత్తం 240. చైనా అమ్మాయిదీ, హంగరీ అమ్మాయిదీ 242.5. ఇంకొక ప్రయత్నం మిగిలుంది. 132.5 కిలోలు ఎత్తితే వాళ్ళతో సమానమయ్యేది. బార్ మీద 137.5 వేయించారు, బంగారానికే గురిపెట్టి. అది లేవలేదు. కాంస్యం దక్కింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆ ఒలింపిక్స్‌లో దేశం మొత్తానికి వచ్చిన పతకం కూడా అదొక్కటే.

130 కిలోలంటే ఎంతో తెలియడానికి వంటింట్లోకి వెళ్తే చాలు. నిండు గ్యాస్ బండ దాదాపు 30 కిలోలుంటుంది. అలాంటివి నాలుగు కట్టగట్టి, ఆపైన పది కిలోల బియ్యం సంచి పెట్టి, నేల మీంచి ఎత్తి భుజాలకు తెచ్చి, అక్కడి నుంచి తలపైకి లేపి, చేతులు వణక్కుండా నిలబడాలి. ఈ పని చేసిన ఒంటికి ఆ ఏడు మనవాళ్ళు పెట్టిన పేరు "లావు".

గ్యాస్ బండ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. బండ మోసేవాడు దాన్ని గుమ్మం దగ్గర దించేసి రసీదు ఇచ్చి వెళ్ళిపోతాడు. గుమ్మం నుంచి పొయ్యి దాకా దాన్ని ఎవరు తీసుకెళ్తారు? అంచు మీద నిలబెట్టి, ఒక చేత్తో మెడ పట్టుకుని, గచ్చు మీద గరగరా దొర్లిస్తూ తీసుకెళ్ళేది ఇల్లాలే. ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను వంచి కూజాలో పోసేదీ, పదిహేను కిలోల పిల్లవాణ్ణి చంకనేసుకుని మూడంతస్తులు ఎక్కేదీ, తడిసిన దుప్పట్ల బకెట్టు డాబా మీదికి మోసేదీ ఆవిడే. పొలంలో నాట్లు వేసేవాళ్ళ సంగతీ, మేస్త్రి దగ్గర సిమెంటు తట్ట మోసేవాళ్ళ సంగతీ సరేసరి. ఇదంతా పనే గానీ బలం కింద లెక్కకు రాదు. అదే ఆడమనిషి జిమ్‌కి వెళ్ళి ఐదు కిలోల డంబెల్ పట్టుకుంటే మాత్రం ఇంట్లో అందరికీ ఒక్కసారే కంగారు పుట్టుకొస్తుంది. "బరువులెత్తకు, మగరాయుడిలా తయారవుతావు, గర్భసంచి జారిపోతుంది." సిలిండర్‌కి లేని ప్రమాదం డంబెల్‌కి ఎక్కడినుంచి వచ్చిందో ఆ చెప్పేవాళ్ళకే తెలియాలి.

మగరాయుడిలా కండలు రావాలంటే టెస్టోస్టిరోన్ కావాలి. అది ఆడవాళ్ళ ఒంట్లో మగవాళ్ళలో ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు తక్కువ. వారానికి మూడు రోజులు డంబెల్ పట్టినంత మాత్రాన ఎవరికీ భీముడి భుజాలు రావు. కలియుగ భీముడని పేరుపడ్డ కోడి రామమూర్తి నాయుడు పుట్టింది కూడా 2022 దాకా ఆ శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్న వీరఘట్టంలో. పక్కనే విజయనగరం జిల్లాలో కొండవెలగాడ అనే పల్లె ఉంది. బరువులెత్తేవాళ్ళ ఊరని దానికి పేరు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పోటీపడింది. మొదట కాంస్యం ప్రకటించారు. గెలిచినామె డోపింగ్‌లో దొరికిపోవడంతో అది వెండి అయింది. తరవాణి, చోడి అంబలి తాగే ప్రాంతమిది. డైట్ చార్టుల వాసన తగలకముందే ఇక్కడ ఆడపిల్లలు ఇనుము ఎత్తారు.

డైట్ చార్టు అన్నాక దాని పుట్టుక కూడా చెప్పుకోవాలి.

ఈ రోజుల్లో వాట్సాప్‌లో తిరిగే చార్టుల్లో ఆడవాళ్ళకు ఒక అంకె మాటిమాటికీ తగులుతుంది: రోజుకు 1200 కేలరీలు. పొద్దున రెండిడ్లీలు, మధ్యాహ్నం ఒక పుల్కా, కీరా ముక్కలు, రాత్రికి సూప్. వేదవాక్కులా చెలామణీ అయ్యే ఈ అంకెకు వందేళ్ళు దాటాయి. లాస్ ఏంజెలిస్‌లో లూలూ హంట్ పీటర్స్ అనే డాక్టరమ్మ 1918లో కేలరీల మీద ఒక పుస్తకం రాసింది. యుద్ధకాలం, తిండి పొదుపు చేయడం దేశభక్తి అనిపించుకున్న రోజులు. రొట్టె ముక్క అని అనకండి, వంద కేలరీల రొట్టె అనండి అని ఆవిడ పాఠకులకు నేర్పింది. ఒళ్ళు తగ్గాలనుకునే వాళ్ళకు 1200 గీత గీసింది. పుస్తకం వేడివేడిగా అమ్ముడుపోయింది. గీత నిలిచిపోయింది.

తర్వాత పాతికేళ్ళకు, మరో యుద్ధం ముగుస్తున్న రోజుల్లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆకలిని పరీక్షకు పెట్టాడు. యుద్ధం చేయడానికి ఒప్పుకోని 36 మంది యువకులు స్వచ్ఛందంగా వచ్చారు. ఆరు నెలలపాటు వాళ్ళకు సగం కడుపు తిండి పెట్టారు: ఆలుగడ్డలు, దుంపలు, రొట్టె, మెకరోనీ. రోజుకు దాదాపు 1570 కేలరీలు. బరువు నాలుగో వంతు తగ్గింది. దానితోపాటు తగ్గినవి ఇంకా ఉన్నాయి. ఓపిక, నవ్వు, స్నేహం, చదువు మీద ధ్యాస అన్నీ పోయాయి. ఎండాకాలంలో చలేసింది. పళ్ళాలు నాకారు. పొద్దస్తమానం తిండి గురించే మాట్లాడుకున్నారు, కొందరు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. గట్టి కుర్రాళ్ళు 1570 కేలరీలకే అలా అయిపోతే, అమీర్‌పేట హాస్టల్లో 1200 మీద బతుకుతూ బ్యాంకు పరీక్షకు చదివే అమ్మాయికి మధ్యాహ్నం మూడింటికి కళ్ళు తిరగడంలో, రూమ్మేట్ మీద చికాకు పడటంలో వింతేముంది? ఆ అమ్మాయి మాత్రం తప్పు తనదే అనుకుంటుంది. రాత్రి పదకొండింటికి అరడజను బిస్కెట్లు తిని, మనసు మీద అదుపు లేదని తనను తనే తిట్టుకుంటుంది.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మన దేశపు మనిషికి ఎంత తిండి కావాలో లెక్కలు కడుతుంది. 1918లోనే కూనూరులో మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన సంస్థ అది. కూర్చుని పనిచేసే 55 కిలోల స్త్రీకి రోజుకు 1660 కేలరీలు, ఓ మోస్తరు ఒళ్ళు వంచే స్త్రీకి 2130 అని దాని లెక్క. పెద్దలకు సలహా చెప్పే ఈ చిరునామా ఊళ్ళోనే ఉన్నా, జనం చెవి ఎప్పుడూ వీడియోల వైపే. కొన్నేళ్ళ క్రితం తెలుగు రాష్ట్రాలు రెంటిలోనూ అన్నం మానేసి కొబ్బరినూనె, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, మల్టీవిటమిన్ మాత్రలు తీసుకునే పథ్యం అంటూ ఊళ్ళకు ఊళ్ళే ఊగిపోయాయి. కొందరికి షుగరు తగ్గింది కూడా. అన్నం మానేసిన ఇంట్లో ఆ కొత్త వంట విడిగా వండింది ఎవరు, ఆ వండినావిడ ఏం తిన్నది అన్న సంగతి ఏ సభలోనూ చర్చకు రాలేదు.

ఆవిడ ఏం తింటుందో తెలియాలంటే మధ్యాహ్నం ఒకటిన్నరకు వంటింటి గుమ్మం దగ్గర నిలబడాలి. అందరి భోజనాలూ అయ్యాక గిన్నెలు దగ్గరకు లాక్కుంటుంది. అట్టడుగు అన్నం, ముక్కలన్నీ పోయి మిగిలిన పులుసు, నిన్నటి కూర పారేయడం ఇష్టం లేక అదీ. గుడ్డు పిల్లాడికి, చేప ముక్క ఆయనకి, పెరుగు మీగడ మామగారికి. నిలబడే తింటుంది, ఒక చెయ్యి స్టవ్వు తుడుస్తూనే ఉంటుంది. తిన్న పది నిమిషాలకు టీ. ఆ టీలోని టానిన్లు, ఆ కాస్త ఆకుకూరలో ఉన్న ఇనుమును కూడా ఒంటికి పట్టనివ్వవు. ఆడవాళ్ళకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, మగవాళ్ళకు 19 చాలు. ఎక్కువ కావలసిన మనిషి పళ్ళెంలోకే తక్కువ వస్తుంది.

దీని ఫలితం సర్కారు లెక్కల్లోనే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అదే సర్వేలో అధిక బరువు, ఊబకాయం ఉన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. ఈ రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూస్తే పందిట్లో పెద్దావిడకు పాలుపోదు. ఒళ్ళు చేసిన మనిషిలోనే రక్తం లేకపోవచ్చు. బియ్యం, నూనె, పంచదారలతో కడుపు నిండుతుంది, నడుము పెరుగుతుంది, ఇనుము మాత్రం రాదు. పైగా ఒంట్లో కొవ్వు పెరిగినకొద్దీ తిన్న ఇనుము కూడా సరిగా పట్టదు. అలాంటావిడ చేతికి 1200 కేలరీల చార్టు ఇచ్చి పంపితే, అసలే అడుగంటిన గిన్నెను ఇంకోసారి గీకినట్టే.

అయితే బరువు సంగతి అసలు పట్టించుకోనక్కర్లేదా అంటే, అలా కొట్టిపారేయడమూ కుదరదు. షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు నిజం. మనవాళ్ళలో పైకి సన్నగా కనపడుతూనే పొట్ట దగ్గర కొవ్వు, ఒంట్లో కండ తక్కువ ఉన్నవాళ్ళు చాలామంది. తిన్న అన్నంలోని చక్కెరను ఎక్కువగా ఇముడ్చుకునేది కండే. అది తగ్గితే ఆ చక్కెర రక్తంలోనే తిరుగుతుంది. ఇక్కడే బరువు చూసే మిషన్ మనిషిని మోసం చేస్తుంది. తిండి మానేసి ఐదు కిలోలు తగ్గినావిడకు అందులో కొవ్వెంత, కండెంత అని అది చెప్పదు. ముప్ఫై ఏళ్ళు దాటాక కండ ఎలాగూ మెల్లగా కరుగుతుంది. ముట్లు ఆగిపోయాక ఎముక మరీ వేగంగా గుల్లబారుతుంది. ఈ రెంటికీ పథ్యం ఒక్కటే చాలదు, బరువు మోపడం కావాలి. వారానికి 150 నిమిషాలకు తగ్గకుండా నడకలాంటి శ్రమ, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. నడక మాట అందరికీ చేరింది. రెండో ముక్క ఆడవాళ్ళ చెవిన ఎవరూ వేయలేదు.

బామ్మలకు ఆ మాట ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నేల మీద పీట వేసుకుని కూర్చోవడం, చెయ్యి ఆనించకుండా లేవడం, రోట్లో పచ్చడి నూరడం, బావిలోంచి చేద లాగడం వాళ్ళకు రోజూ ఉండేవే. అదేదో స్వర్ణయుగమని మురిసిపోనక్కర్లేదు. ఆ చాకిరీలో నడుములు విరిగినవాళ్ళూ, కాన్పుల్లో పోయినవాళ్ళూ లెక్కలేనంతమంది. రోలు పోయింది, మంచిదే. రోటితోపాటు ఒంటికి అందే పనీ పోయింది, దాని బదులు ఏదీ రాలేదు. ఇవాళ అరవై దాటినావిడను గచ్చు మీద కూర్చుని ఏ ఆసరా లేకుండా లేవమంటే, బరువు చూసే మిషన్ చెప్పనిది ఆ ఒక్క లేవడంలో తెలిసిపోతుంది.

మరి వ్యాయామానికి సమయం ఎక్కడుందనేది అసలు ప్రశ్న. 2019లో జరిగిన జాతీయ సర్వే ఒకటి, జీతంలేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేల్చింది. ఆ చేసే మగవాళ్ళు కూడా కొందరే. దేశంలో 57 శాతం స్త్రీలకు చాలినంత వ్యాయామం లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం చెబుతోంది, పురుషుల్లో అది 42 శాతం. చదివినవాళ్ళు వెంటనే బద్ధకం అంటారు. ఐదింటికి లేచి మూడు క్యారేజీలు కట్టే మనిషి బద్ధకస్తురాలైతే, ఆ క్యారేజీ పట్టుకెళ్ళేవాళ్ళను ఏమనాలో?

పళ్ళెంలోకి ఏం రావాలో ఆడవాళ్ళే తేల్చుకున్న చోటు ఒకటుంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పెట్టించిన సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, చిన్న కమతాల వాళ్ళు. బీడు భూముల్లో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది కలిపి విత్తి, విత్తనాన్ని బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచుకున్నారు. 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్ళు కొర్రలు తిన్నది నడుము సన్నబడటానికి కాదు, ఇంట్లో గింజలు ఉండాలని. అవే కొర్రలు ఇప్పుడు నగరంలో రంగుల ప్యాకెట్లలో, సన్నటి అమ్మాయి బొమ్మతో, మామూలు బియ్యం కంటే ఎక్కువ ధరకు దొరుకుతున్నాయి. ఆ ప్యాకెట్టు మీద విత్తనం దాచినావిడ బొమ్మ ఎప్పుడు వేస్తారో చూడాలి.

క్రీడారంగం మాత్రం ఈ తూకాల పిచ్చి లేని పుణ్యక్షేత్రమా అంటే, అదీ కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెజ్లర్ వినేశ్ ఫొగాట్ రాత్రంతా పరిగెత్తి, చెమట కార్చి, జుట్టు కత్తిరించుకుని కూడా వంద గ్రాములు ఎక్కువ తూగి ఫైనల్‌కు దూరమైంది. బలం ఉన్నవాళ్ళనూ తక్కెడ వదలదు. మల్లీశ్వరి కథలో మాత్రం ఒక లెక్క తిరగబడింది. ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు 54 కిలోల విభాగం, ఒలింపిక్ పతకం వచ్చినప్పుడు 69. పెరిగిన ఆ బరువుతోనే ఆమె 130 కిలోలను తలమీదికి లేపింది.

ఈసారి పెళ్ళికి వెళ్ళినప్పుడు పిన్ని కనపడితే, చిక్కావనో ఒళ్ళు చేశావనో ఆవిడ అనకముందే మీరే ఒక మాట అడగండి: "పిన్నీ, హిమోగ్లోబిన్ ఎంతుందో ఎప్పుడైనా చూపించుకున్నావా?" పన్నెండు గ్రాములకు తగ్గితే అది రక్తహీనతే, మనిషి లావైనా సన్నమైనా. బంతిలో ఆవిడను పక్కన కూర్చోబెట్టుకోండి, వడ్డన పని వేరేవాళ్ళు చూసుకుంటారు. మర్నాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళండి. అక్కడ ఆ రక్తపరీక్షకూ, ఐరన్ మాత్రలకూ డబ్బులు తీసుకోరు.